రాగిరేకులకు రాగం పోసిన రాళ్లపల్లి

అన్నమయ్య పదం అందరికీ తెలుసు. నాలుగు శతాబ్దాలు చీకటి అరలో మౌనంగా ఉండిపోయిన ఆ పదానికి తిరిగి గొంతునిచ్చిన మహనీయుని పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. సంగీత సాహిత్యాలు రెండు కన్నులుగా జీవించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి తపస్సును స్మరించుకుందాం.

నెల్లూరు సీమ తీరప్రాంతంలో, సముద్రపు గాలి వరిచేల మీదుగా వచ్చి తాకే అల్లూరు వంటి ఊళ్లలో తెల్లవారుజాము గుడి మైకుతోనే మొదలవుతుంది. సుప్రభాతం ముగియగానే అన్నమాచార్య సంకీర్తన అందుకుంటుంది. వాకిట కళ్లాపి చల్లుతున్న ఇల్లాలు ఆ పాటతో గొంతు కలుపుతుంది. పూజామందిరంలో దీపం వెలిగిస్తున్న పెద్దాయన పెదవుల మీద అదే చరణం కదులుతుంది. ఏడుకొండలవాడు తిరుమలలోనే కాదు, ఆ పాట వినిపించే ప్రతి ఇంటా కొలువైనట్లే ఉంటుంది.

ఆ పాడుకునే వారిని ‘ఈ కీర్తన ఎవరిది?’ అని అడిగితే చిన్నపిల్లలు సైతం తడుముకోకుండా అన్నమయ్యదని చెబుతారు. ‘మరి ఈ వరుస ఎవరిది?’ అని అడిగితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. పదం ఆయనదైతే వరుస కూడా ఆయనదే కదా అన్నది వారి విశ్వాసం. ఆ విశ్వాసం భక్తికి అందాన్నిచ్చేదే కాని, చరిత్ర చెప్పే మాట వేరు. పదకవితా పితామహుడు స్వయంగా ఆలపించిన వరుసలు మనకు దక్కలేదు. ఈనాడు మనం పాడుకుంటున్నవి దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలోనూ, ఆ తరువాతనూ కూర్చినవే. ఆ కూర్పుకు పాండిత్యంతో కూడిన బాట వేసిన వారిలో అగ్రగణ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు.

తాళ్లపాక అరలోని నిధి

రాజంపేట సమీపంలోని తాళ్లపాకలో 1408లో జన్మించిన అన్నమయ్య తన పదహారవ ఏట, అనగా 1424లో, సంకీర్తన రచనకు శ్రీకారం చుట్టినట్లు రాగిరేకులే చెబుతున్నాయి. 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పరమపదించే వరకు ఆ ధార ఆగలేదు. మొత్తం ముప్పది రెండు వేల సంకీర్తనలు చెప్పినట్లు మనుమడు చినతిరువేంగళనాథుడు తాతగారి చరిత్రలో పేర్కొన్నాడు. వాటిలో సుమారు 14,000 మాత్రమే నేడు లభిస్తున్నాయి.

ఆ మాత్రమైనా దక్కడం కుమారుడు పెదతిరుమలాచార్యుని దూరదృష్టి ఫలం. తాటాకు పురుగుకు, నిప్పుకు లొంగుతుంది. రాగి కాలానికి ఎదురు నిలుస్తుంది. అందుకే ఆయన తండ్రిగారి పదాలను రెండువేలకు మించిన రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో భాష్యకారుల సన్నిధికి చేరువగా ఉన్న సంకీర్తన భాండాగారంలో భద్రపరిపించాడు. ఆ అర ద్వారానికి ఇరువైపులా నిలిచిన తాళ్లపాక వారి శిల్పాలను నేటికీ చూడవచ్చు.

కాలక్రమంలో ఆ నిధి విస్మృతిలో పడింది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించిన ఏ.డి. కాంప్‌బెల్ అనే ఆంగ్లేయ అధికారి తిరుమలలో రాగిరేకులున్నాయని విని, అది ఏదో ప్రాచీన వ్యాకరణ గ్రంథం కావచ్చునన్న ఆశతో పరిశీలింపజేశాడు. తీరా చూస్తే అవి దేవుని మీద స్తుతులు. తనకు కావలసినది కాదని ఆయన అంతటితో ఊరుకున్నాడు. మన వాఙ్మయంలో ఇంతకంటె పెద్ద నిధి ఇంతకంటె చేరువగా వచ్చి తిరిగి వెనుకకు మళ్లిన సందర్భం మరొకటి ఉండదేమో!

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కృషితో రేకులు మళ్లీ వెలుగు చూశాయి. పండితులు వాటిని చదివి పరిష్కరించి ముద్రించే మహాయజ్ఞానికి పూనుకున్నారు. ఆ యజ్ఞంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పాత్ర చిరస్మరణీయం. 1950లో వారు దివంగతులయ్యారు. ఆ బరువును భుజానికెత్తుకున్న వారే రాళ్లపల్లి వారు.

తల్లి ఒడిలో తొలి పాఠం

అనంతకృష్ణశర్మ గారు 1893 జనవరి 23న అనంతపురం జిల్లా రాళ్లపల్లి గ్రామంలో శ్రీవైష్ణవ కుటుంబంలో జన్మించారు. తండ్రి కృష్ణమాచార్యులు సంస్కృతంలో తొలి గురువు. తల్లి అలమేలు మంగమ్మ గారు పాటలో తొలి గురువు. ముందు ముందు అలమేలుమంగాపతి పాటలకు స్వరం కూర్చవలసిన బిడ్డకు, ఆ అమ్మ పేరే గల తల్లి లాలిపాటగా సంగీతాన్ని అందించడం దైవఘటన కాక మరేమిటి?

బాల్యంలోనే విద్యార్థిగా మైసూరు చేరిన ఆయన పరకాల మఠాధీశులు శ్రీకృష్ణ బ్రహ్మతంత్ర పరకాల స్వామివారి సన్నిధిలో సంస్కృత కావ్యాలు అభ్యసించారు. ఆనాటి మైసూరు వడయారుల పోషణలో సంగీతం వెల్లివిరుస్తున్న నగరం. అక్కడ బిడారం కృష్ణప్ప గారి వంటి ఉద్దండుని వద్ద గాత్ర సంగీతం నేర్చుకున్నారు. వయొలిన్ విద్వాంసుడు మైసూరు చౌడయ్య కూడా ఆ గురువుగారి శిష్యుడే.

ఆ యువకునిలోని ప్రతిభను గుర్తించినవారు కట్టమంచి రామలింగారెడ్డి గారు. వారి చొరవతో 1912లో శర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరారు. 1949లో ఉద్యోగ విరమణ చేసేవరకు, సుమారు నాలుగు దశాబ్దాలు, కన్నడ సీమలో తెలుగు దీపాన్ని ఆరనీయకుండా కాపాడారు.

ఈ కాలంలో ఆయన చేసిన రచనలను గమనిస్తే తిరుపతి పిలుపు కోసం ఆయనను ఎవరో ముందుగానే సిద్ధం చేస్తున్నారా అనిపిస్తుంది. ప్రాకృత భాషలోని పల్లెపట్టు ప్రణయగాథలను ‘శాలివాహన గాథాసప్తశతీ సారము’గా తెలుగు పద్యాలలోకి తెచ్చారు. 1928లో వేమన మీద ఉపన్యసించారు. ఆ ఉపన్యాసాలు ‘వేమన’ గ్రంథంగా తెలుగు విమర్శలో శాశ్వత స్థానం పొందాయి. ఆచారసంపన్నమైన ఇంట పుట్టిన పండితుడు, ఆచారాలను నిలదీసిన వేమనను అంత సహృదయంతో అర్థం చేసుకోవడం విశేషం. కాకతీయుల నాటి జాయపసేనాని సంస్కృతంలో రచించిన ‘నృత్తరత్నావళి’ని అనంతర కాలంలో తెలుగు చేశారు. పల్లె జీవుల ప్రణయం, సామాన్యుని నుడికారం, శాస్త్ర సంప్రదాయం — ఈ మూడు పాయలూ కలిసే చోటు ఏది? అన్నమయ్య సంకీర్తనే కదా! శృంగారమూ, జానపదమూ, వేదాంతమూ ఒకే నోట పలికిన వాగ్గేయకారుని అందుకోవడానికి అన్ని మెట్లూ ఎక్కిన తరువాతనే ఆయన సప్తగిరుల పాదాల చెంతకు చేరారు.

రాగం పేరుంది, పాట లేదు

తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో శర్మగారి ముందు నిలిచిన సమస్య సామాన్యమైనది కాదు. రాగిరేకు మీద ప్రతి సంకీర్తనకు తల భాగాన రాగం పేరు చెక్కి ఉంటుంది. పల్లవి, చరణాలు ఉంటాయి. అంతే. స్వరలిపి లేదు. సాధారణంగా తాళం పేరు కూడా లేదు. ఒక ఇంటికి తలుపు మీద పేరు పలక ఉంది, లోపలికి వెళ్లే దారి మాత్రం మూసుకుపోయింది.

మొదటి కష్టం చదవడమే. పూర్వకాలపు రాతలో పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. అక్షరాలన్నీ ఒకదాని వెంట ఒకటి బారులు తీరి ఉంటాయి. ఎక్కడ విరిస్తే ఏ మాట వస్తుందో తెలియాలి. ఒక్క అక్షరం అటుదిటైతే స్వామిని కీర్తించే మాట అర్థరహితమవుతుంది. చెక్కినవారి పొరపాట్లూ ఉంటాయి. ఐదు వందల ఏళ్ల నాటి రాయలసీమ పలుకుబడి తెలియనివారికి ఆ ముడులు విడవు. శర్మగారు ఆ సీమ బిడ్డ. ప్రాచీన కావ్యభాష ఎంత తెలుసో, ఇంటి వాడుక మాట కూడా అంతే తెలిసినవారు.

రెండవ కష్టం తాళం. పేరు చెప్పకపోయినా పదంలోనే దాని జాడ దాగి ఉంటుంది. దేశి ఛందస్సులో నడిచే ఈ రచనలలో మాత్రలు మూడేసిగానో, నాలుగేసిగానో, ఐదేసిగానో, ఏడేసిగానో గుంపులు కడతాయి. యతిప్రాసలు ఎక్కడ పడుతున్నాయో చూచి పాదం నడకను పట్టుకోవాలి. ఛందస్సు మాత్రమే తెలిసినవాడు లెక్క కట్టగలడు కాని పాడలేడు. పాట మాత్రమే తెలిసినవాడు పాడగలడు కాని పదాన్ని అడ్డంగా విరిచేస్తాడు. రెండూ ఒక్కరిలో కలిసి ఉండాలి.

మూడవది, అన్నిటికంటె కఠినమైనది రాగం. రేకుల మీద కనిపించే శంకరాభరణం, శ్రీరాగం, బౌళి వంటివి నేడు మనకు పరిచితమైన పేర్లే. సామంతం, రామక్రియ, దేశాక్షి, పాడి, గుండక్రియ వంటివి కచేరీలలో అరుదుగా వినవచ్చేవో, బొత్తిగా వినరానివో అయ్యాయి. కొండమలహరి, ఆబాలి వంటి పేర్లు వింటే విద్వాంసులే నొసలు చిట్లించాలి. పోనీ పేరు నిలిచిన రాగాలైనా అలాగే ఉన్నాయా అంటే, అదీ లేదు. ముఖారినే తీసుకుందాం. అన్నమయ్య తరువాత అర్ధశతాబ్దానికి, 1550లో రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’లో శుద్ధ స్వరాలన్నీ కలిగిన తొలి మేళం ముఖారి. నేడు మనం వినే ముఖారి స్వరాలు వేరు. పేరు ఒకటే, రూపం మారిపోయింది.

మరి అటువంటప్పుడు స్వరకర్త ఏమి చేయాలి? రాగం పేరూ రూపమూ నిలిచి ఉంటే దానిని అనుసరించవచ్చు. రూపం మారిపోతే నేటి రూపాన్ని స్వీకరించాలా, భావానికి తగిన మరో రాగాన్ని ఎంచుకోవాలా అని తూచి చూడాలి. పేరు సైతం అంతరించిన చోట పదమే దిక్కు. ఆ పదం జోలపాటా, వేడికోలా, నాయిక అలుకా, తత్త్వోపదేశమా అన్నది గ్రహించి, దాని చేతికి తగిన వీణ అందించాలి. ఇంత విచారణ సాగించి శర్మగారు నూరుకు పైగా సంకీర్తనలకు వరుసలు కూర్చి స్వరపరిచారు. పదివేల సంకీర్తనలు ఎదురుగా ఉండగా వందేనా అని అనిపించవచ్చు. కాని బాట వేసేవాడు లెక్కపెట్టేది అడుగుల సంఖ్యను కాదు, దిశను.

సాగరాల ఆవల మరొక సాధకుడు

ఇటువంటి సాధన ఒక్క మన దేశానికే పరిమితం కాదు. ఇంచుమించు ఇదే కాలంలో ఫ్రాన్సులో చార్లెస్ టూర్నెమీర్ అనే వాద్యకారుడు ఉండేవాడు. ఆయన వాయించినది ఆర్గన్. అది మన హార్మోనియం వంటి చిన్న పెట్టె కాదు. వందల వేల గొట్టాలలోకి గాలి పంపి, చేతులతోనూ కాళ్లతోనూ మీటలు నొక్కుతూ పలికించే మహావాద్యం. 1870లో జన్మించిన ఆయన 1898 నుంచి 1939లో మరణించే వరకు పారిస్‌లోని సెయింట్ క్లోటిల్డ్ చర్చిలో ఆ వాద్య సేవ చేశాడు.

అక్కడి క్రైస్తవ ఆరాధనలో అతి ప్రాచీనమైన ఏకస్వర గానం ఒకటి ఉంది. కాలక్రమంలో దాని స్వరూపం చెదిరిపోయింది. సొలేమ్ అనే ఊరి మఠంలోని సన్యాసులు పందొమ్మిదవ శతాబ్దంలో మధ్యయుగాల నాటి వ్రాతప్రతులను సేకరించి, పోల్చి చూచి, ఆ గానాన్ని పునరుద్ధరించే పనిలో తరాల తరబడి నిమగ్నమయ్యారు. వారు వెలికితీసిన ఆ పాత వరుసలను ఆధారం చేసుకుని టూర్నెమీర్ 1927 నుంచి 1932 వరకు సంవత్సరంలోని ఆదివారాలకు, పర్వదినాలకు వేర్వేరుగా 51 ఆరాధనలకు సరిపోయే వాద్య సంగీతాన్ని రచించాడు. అన్నీ కలిపి సుమారు 250 రచనలు.

ఆ దేశపు పెద్ద చర్చిలలో ప్రధాన ఆర్గన్ సాధారణంగా ప్రవేశద్వారం పైన, ఎత్తైన అటక మీద ఉంటుంది. భక్తులు ముందరి వేదిక వైపు తిరిగి కూర్చుంటారు. వాయించేవాడు వారి వెనుక, వారి కంటికి కనబడకుండా ఉంటాడు. నాదం మాత్రం ఆలయమంతా నిండుతుంది.

మతం వేరు, వాద్యం వేరు, దేశం వేరు. కాని పూర్వుల భక్తి సంపదను అందుకుని, దానికి నేటి నాదాన్ని జోడించి, తాను కనబడకుండా నిలిచే ఆ వినయం ఒకటే. నిజానికి రాళ్లపల్లి వారి పని ఇంకా కష్టతరమైనది. సొలేమ్ సన్యాసుల చేతికి స్వరగతిని సూచించే పాత గుర్తులైనా చిక్కాయి. శర్మగారికి చిక్కినది రాగం పేరు ఒక్కటే.

కొత్త వరుస కట్టడం అపచారమా?

ఇక్కడ ఆస్తికుల మనస్సులో ఒక సందేహం మెదలవచ్చు. మహాభక్తుడు స్వామి సన్నిధిలో పాడిన పదానికి, వందల ఏళ్ల తరువాత మరొకరు వరుస కట్టడం ఎంతవరకు సమంజసం? రేకు మీద ఉన్న రాగాన్ని మార్చడం మూలాన్ని మార్చినట్లు కాదా? ఈ ప్రశ్న సంగీత లోకంలోనూ ఉంది. దానిని తేలికగా తోసిపుచ్చరాదు. సినిమా బాణీల మోజులో పదం అర్థం మునిగిపోయేలా వరుసలు కడుతున్న సందర్భాలు చూచినప్పుడు ఆ ఆవేదన న్యాయమే అనిపిస్తుంది.

అయితే మరొక వైపు కూడా చూడాలి. పాడని సంకీర్తన పద్యంగా మిగులుతుంది కాని సంకీర్తన కాదు. కలియుగంలో నామసంకీర్తనమే తరణోపాయమని నమ్మి అన్నమయ్య ఆ పదాలు చెప్పింది భద్రపరచడానికి కాదు, పాడుకోవడానికి. జీర్ణించిన ఆలయాన్ని పునరుద్ధరించేటప్పుడు స్థపతి కొత్త రాయిని వాడక తప్పదు. కాని ఆగమం ఎరిగిన స్థపతి గర్భాలయాన్ని కదిలించడు. శర్మగారు పాటించిన మర్యాద అటువంటిది. ఆయన దృష్టిలో పదం గర్భాలయం. వరుస దానికి చుట్టూ కట్టిన ప్రాకారం. ప్రాకారం మూలమూర్తి దర్శనానికి దారి చూపాలి కాని అడ్డు నిలువరాదు.

కనుక ప్రశ్న ‘కొత్త వరుస కట్టవచ్చునా?’ అన్నది కాదు. ‘కట్టేవాడికి ఆ పదం అర్థమయిందా, దాని ముందు తల వంచగలిగాడా?’ అన్నదే అసలు ప్రశ్న.

పాయలు పాయలై…

ఆయన వేసిన బాట వెంట మహామహులు నడిచారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. నేదునూరి కృష్ణమూర్తి గారు సంప్రదాయ శుద్ధితో ఎన్నో సంకీర్తనలను స్వరపరచి కచేరీ వేదిక మీద నిలబెట్టారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు వందలాది పదాలకు వరుసలు కూర్చి ఇంటింటికీ చేర్చారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గళంలో వెలువడిన ‘బాలాజీ పంచరత్నమాల’ తెలుగు రాని వారి చేత కూడా అన్నమయ్యను పాడించింది. నేదునూరి వారు 2014లోను, బాలకృష్ణప్రసాద్ గారు 2025లోను స్వామి సన్నిధికి చేరుకున్నారు. వారి వరుసలు మాత్రం మన మధ్యనే ఉన్నాయి.

చివరి సత్కారం

రాళ్లపల్లి వారిని గౌరవాలు ఆలస్యంగానైనా వరించాయి. మద్రాసు సంగీత అకాడమీ 1974లో ‘సంగీత కళానిధి’ బిరుదుతో సత్కరించింది. తెలుగు పండితునిగా జీవితం గడిపిన వ్యక్తికి సంగీత లోకపు అత్యున్నత పీఠం లభించడం అరుదైన విషయం.

అన్నిటినీ మించినది చివరిది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించినది 1979 మార్చి 11న. అదే రోజున ఆయన పరమపదించారు. ఎవరి పదాలను పాడించడానికి తన ఉత్తర జీవితాన్ని ధారపోశారో, ఆ స్వామి ఆస్థానంలో స్థానం లభించిన నాడే దేహం చాలించారు. దీనిని యాదృచ్ఛికమనే వారు అనవచ్చు. భక్తులకు మాత్రం అది స్వామి పంపిన పిలుపుగానే తోస్తుంది.

మన ఇంట పాడుకునే వేళ…

శ్రీవైష్ణవ సంప్రదాయంలో దివ్యప్రబంధ పారాయణకు ముందు తనియన్ చెప్పుకోవడం ఆచారం. ఆ పాశురాలను మనకు ప్రసాదించిన ఆళ్వారును, ఆచార్యుని ముందుగా తలచుకుని, ఆ తరువాతనే పారాయణ ప్రారంభిస్తారు. దానం పుచ్చుకునే ముందు దాతను స్మరించే సంస్కారం అది.

అన్నమయ్య పదం పాడుకునే వేళ మనమూ అదే మర్యాద పాటించవచ్చు. పదం పలికిన అన్నమయ్యకు ఒక నమస్కారం. ఆ పదాన్ని రాగిలో నిలిపిన పెదతిరుమలయ్యకు ఒక నమస్కారం. చీకటి అరలో నుంచి దానిని వెలికితెచ్చిన పండితులకు ఒక నమస్కారం. మూగవోయిన పదానికి నాదమిచ్చి తాము తెర వెనుక నిలిచిన స్వరకర్తలకు మరొక నమస్కారం. పిల్లలకు కీర్తన నేర్పేటప్పుడు రాగం, తాళం చెప్పినట్లే ‘ఈ వరుస ఫలానా వారిది’ అని కూడా చెబితే ఆ రుణం కొంతైనా తీరుతుంది.

రేపు తెల్లవారుజామున అల్లూరు గుడి మైకులో మళ్లీ సంకీర్తన మోగుతుంది. కళ్లాపి చల్లే చేయి ఒక్క క్షణం ఆగి, పెదవి ఆ వరుసను అందుకుంటుంది. ఆ వరుస ఎవరిదో ఆమెకు తెలియకపోయినా, రాళ్లపల్లి వారు కోరుకున్నది ఆ క్షణమే. పాడే గొంతులో స్వామి మిగలాలి, స్వరకర్త కరిగిపోవాలి. ఆయన కరిగిపోయారు. ఆయనను గుర్తుంచుకోవడం మన ధర్మం.